టవర్ కంటే ముందొచ్చిన బొమ్మ

పటాన్‌చెరు దాటి ముంబయి హైవే మీద సంగారెడ్డి వైపు వెళ్ళేవాళ్ళకు ఎత్తయిన కట్టడాలు కొత్తేమీ కాదు. రామచంద్రాపురంలో భెల్ షెడ్లు, పాశమైలారం పారిశ్రామికవాడలో పొగ గొట్టాలు, కాలనీకొక నీళ్ళ ట్యాంకు, పొలాల మీదుగా సాగిపోయే హైటెన్షన్ టవర్లు, మేడమేడకీ సెల్ టవర్లు. ఇన్ని ఉన్నా ఢిల్లీలోని పీతంపురా టవర్ లాంటిదో, రామేశ్వరంలో సముద్రపు ఒడ్డున నిలబడ్డ టవర్ లాంటిదో, ఊరికే ఆనవాలుగా మారిపోయే కాంక్రీటు టీవీ టవర్ మాత్రం ఈ బెల్టులో లేదు.

అయినా టెలివిజన్ చరిత్రలో ఈ జిల్లాకున్న చోటు చిన్నది కాదు. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబరు 23న. అంతకు రెండేళ్ళ ముందే, 1975 ఆగస్టు 1న, సంగారెడ్డి కేంద్రంగా ఉన్న నాటి మెదక్ జిల్లా పల్లెల్లో జనం బడి ముందూ పంచాయతీ ఆఫీసు ముందూ కూర్చుని టీవీ చూశారు. నగరంలో డబ్బున్న ఇళ్ళకు కూడా అందని బొమ్మ ముందుగా పల్లెకొచ్చింది. దాన్ని పంపిన టవర్ నేల మీద లేదు. దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున, ఆకాశంలో ఉంది.

ఈ సంగతి మన జిల్లాలో ఎంతమందికి తెలుసు? సంగారెడ్డి పాత జైలు గురించి తెలుసు, మెదక్ చర్చి గురించి తెలుసు, మంజీర మొసళ్ళ గురించీ తెలుసు. దేశంలో పల్లె టీవీకి మొదటి మజిలీలలో మనదీ ఒకటన్న మాట మాత్రం ఏ బోర్డు మీదా రాసి ఉండగా నేను చూడలేదు.

ఒక్క ఏడాది పండుగ

ఆ ఉపగ్రహం పేరు ఏటీఎస్-6. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దాన్ని 1974 మే 30న ప్రయోగించింది. ఏడాది పాటు దాన్ని మనం వాడుకునేలా 1969 సెప్టెంబరులోనే భారత అణుశక్తి విభాగానికీ నాసాకూ ఒప్పందం కుదిరింది. ఆ ఒప్పందం వెనక ఉన్న మనిషి విక్రమ్ సారాభాయ్. టీవీ అంటే పట్నంలో మొదలై, డబ్బు మిగిలితే ఎప్పటికో పల్లెకు చేరే వస్తువు అన్న లెక్కను ఆయన ఒప్పుకోలేదు. మారుమూల ఊరికే ముందు అందాలన్నారు. ఆ రోజు చూడకుండానే 1971 డిసెంబరు 30న కన్నుమూశారు. పనిని అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ భుజానికెత్తుకుంది. దానికి డైరెక్టర్ యశ్‌పాల్. ప్రయోగం మొత్తానికి మేనేజరు ఇ.వి.చిట్నిస్.

శాటిలైట్ ఇన్‌స్ట్రక్షనల్ టెలివిజన్ ఎక్స్‌పెరిమెంట్ అన్నది దాని పూర్తి పేరు. పొట్టిగా 'సైట్' అన్నారు. ఆరు రాష్ట్రాలు, 20 జిల్లాలు, సుమారు 2,400 ఊళ్ళు. రాష్ట్రానికి ఇంచుమించు 400 చొప్పున వచ్చాయి. నాటి మన ఉమ్మడి రాష్ట్రంలో ఎంచుకున్న జిల్లాలు హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు. వెనకబడ్డ ప్రాంతాలనే ఏరి తీసుకున్నారు. రోడ్డు సరిగా లేని ఊళ్ళు, కరెంటు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళు. కరెంటు బొత్తిగా లేని కొన్ని చోట్ల బ్యాటరీతో నడిచే సెట్లు పెట్టారు.

ఆ సెట్టును కాస్త దగ్గరగా చూద్దాం. టీవీలు తయారుచేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్. తర్వాతి రోజుల్లో 'ఈసీ టీవీ' పేరుతో మధ్యతరగతి ఇళ్ళలో వెలిగిన సంస్థ అదే. సెట్టుకు తోడు బయట ఒక డిష్ ఉండేది. ఇప్పుడు మనం ఇంటిమీద బిగించుకునే పళ్ళెం లాంటిది కాదు. అడ్డంగా పది అడుగులు, అంటే మూడు మీటర్లు. ఇనుప చట్రానికి కోళ్ళగూటి వల బిగించి చేసిన గొడుగు. గాలి దూరిపోయే ఆ కంతల వల ఆకాశంలోంచి వచ్చే బొమ్మను ఎలా పట్టింది? ఏటీఎస్-6 పంపిన తరంగాలు 860 మెగాహెర్ట్‌జ్‌వి, అంటే ఒక్కో అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. అంత పొడవు అలకు రెండు మూడు సెంటీమీటర్ల కంత కంతగా తోచదు. దానికి ఆ వల నున్నటి అద్దమే. అల వల మీద పడి వెనక్కి మళ్ళి, మధ్యలో నిలబెట్టిన చిన్న యాంటెన్నా దగ్గర పోగవుతుంది. అక్కడి నుంచి తీగ ఒక పెట్టెలోకి, ఆ పెట్టె నుంచి టీవీలోకి. ఊళ్ళోవాళ్ళు మరమ్మతు చేసుకోగలిగినంత తేలిక, జీపులో వేసుకుని పోగలిగినంత తేలిక. మన ఇంజనీర్ల తెలివిని మెచ్చుకోవాలంటే నాకు ఏ రాకెట్టూ అక్కర్లేదు, ఈ కోళ్ళవల ఒక్కటి చాలు.

డిష్ ఎటు తిరిగి ఉండేదో కూడా లెక్క కట్టవచ్చు. ఉపగ్రహాన్ని తూర్పు రేఖాంశం 35 డిగ్రీల దగ్గర, అంటే ఆఫ్రికాలో విక్టోరియా సరస్సున్న వైపు, భూమధ్యరేఖకు నేరుగా పైన నిలిపారు. సంగారెడ్డి దాదాపు 78 డిగ్రీల మీద ఉంది. కాబట్టి ఇక్కడి డిష్ పడమటికి, కాస్త దక్షిణంగా వాలి, నేల నుంచి సుమారు 37 డిగ్రీలు పైకెత్తి చూడాలి. మధ్యలో చెట్టు కొమ్మ గానీ గోడ గానీ అడ్డు రాకూడదు. ఊరికి టవర్ ఎత్తు అవసరం లేదు. బడి ఆవరణలో నాలుగు గజాల ఖాళీ జాగా ఉంటే సరిపోయింది.

ప్రసారాలు రోజుకు నాలుగు గంటలు. పొద్దున గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు. వ్యవసాయం, పశువులు, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు, నాటకాలు. కార్యక్రమాలు తయారుచేయడానికి దేశంలో మూడు కేంద్రాలు పెట్టారు: ఢిల్లీ, కటక్, హైదరాబాద్. తెలుగు, కన్నడ పల్లెల కోసం ఒకే బొమ్మకు రెండు శబ్దాలు పంపే ఏర్పాటు చేశారు. మెదక్ పల్లెలో తెలుగు వినబడుతున్నప్పుడు గుల్బర్గా పల్లెలో అదే బొమ్మకు కన్నడం వినబడేది. జహీరాబాద్ దాటితే ఈ రెండు భాషలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయే సరిహద్దు. ఆ ఏర్పాటు విలువ అక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇందులో లోటు లేదని అనను. అది ఎమర్జెన్సీ కాలం. ఏం చూడాలో పైన ఎవరో నిర్ణయించేవాళ్ళు, కింద ఊరు చూసేది. ఊరు మాట్లాడటానికి దారి లేదు. పొలంలో ఏం పండుతుందో తెలిసిన రైతుకు పొలం గురించి పాఠం చెప్పే బొమ్మలు కూడా వచ్చాయి. దాదాపు అదే రోజుల్లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో మరో పద్ధతి నడిచింది. పీజ్ అనే ఊళ్ళో 1 కిలోవాట్ చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి, చుట్టుపక్కల పల్లెల సమస్యలనే, ఆ పల్లెల మనుషులతోనే కార్యక్రమాలుగా తీశారు. ఆ పద్ధతి మెదక్‌కు రాలేదు. వచ్చి ఉంటే బాగుండేదన్న మాట ఈ కథ చివరికి వచ్చేసరికి ఇంకా గట్టిగా అనిపిస్తుంది.

1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహాన్ని నాసా వెనక్కి జరుపుకుంది. పల్లెల్లో డిష్‌లు పడమటికి చూస్తూనే ఉన్నాయి, బొమ్మ మాత్రం ఆగిపోయింది.

ఉపగ్రహం పోయాక టవర్

ఇక్కడే టవర్ కథలోకి వస్తుంది. 'సైట్' ముగిశాక ఆ ఊళ్ళలో కొన్నింటికైనా టీవీ ఆగకూడదని ఆరు చోట్ల నేల మీది ట్రాన్స్‌మిటర్లు పెట్టారు: జైపూర్, రాయ్‌పూర్, ముజఫర్‌పూర్, సంబల్‌పూర్, గుల్బర్గా, హైదరాబాద్. అంటే హైదరాబాద్ టీవీ పుట్టుకలో మెదక్, మహబూబ్‌నగర్ పల్లెల వాటా ఉంది. నగరం కోసం టవర్ వేసి తర్వాత పల్లెకు పంచారని చాలామంది అనుకుంటారు. నిజానికి పల్లెకు ఇచ్చినదాన్ని నిలబెట్టడానికి వచ్చిన టవర్‌ను నగరం తనది చేసుకుంది. మూసారాంబాగ్ వైపు 'టీవీ టవర్' అని బస్సు స్టాపే వెలిసింది. రామంతాపూర్ దూరదర్శన్ కేంద్రం ఒక తరానికి ఇంటి పేరంత దగ్గరైంది.

కానీ నేల మీది టవర్‌కు ఒక హద్దుంది. టీవీ తరంగం ఇంచుమించు చూపు సాగినంత మేర తిన్నగా పోతుంది, భూమి మాత్రం గుండ్రం. కాబట్టి టవర్ ఎంత ఎత్తు ఉంటే అంత దూరం. లెక్క సులువే. టవర్ ఎత్తు మీటర్లలో తీసుకుని, వర్గమూలం కట్టి, నాలుగుతో గుణిస్తే ఎన్ని కిలోమీటర్లు అందుతుందో సుమారుగా తెలుస్తుంది. 100 మీటర్ల టవర్‌కు 40 కిలోమీటర్లు. 225 మీటర్లకు 60. దూరం రెట్టింపు కావాలంటే ఎత్తు నాలుగు రెట్లు పెరగాలి. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ నూరు కిలోమీటర్ల పైమాటే. ఇంటిమీద పది మీటర్ల గొట్టానికి యాంటెన్నా కట్టుకున్నా సరే, నగరంలో టవర్ 400 మీటర్లు దాటితే గానీ అక్కడికి బొమ్మ తిన్నగా చేరదు. అంతటి టీవీ టవర్ దేశంలోనే లేదు. పటాన్‌చెరుకు బొమ్మ శుభ్రంగా వచ్చింది, సంగారెడ్డిలో యాంటెన్నా తిప్పుకుంటూ చూశారు, ఇంకా పడమటికి పోయేకొద్దీ తెర నిండా చుక్కలు. ఆకాశం నుంచి అందరికీ సమానంగా వచ్చిన బొమ్మ, టవర్‌కు మారేసరికి దూరాన్ని బట్టి పలచబడింది.

మంజీర సంగతీ ఇలాంటిదే. 1965 నుంచి ఆ నీళ్ళు ఈ జిల్లా నుంచి నగరానికి పోతున్నాయి. నీళ్ళు అటు పోయాయి, బొమ్మ అటు నుంచి రావలసి వచ్చింది. ఈ బెల్టుకు నగరంతో ఉన్న సంబంధం ఏ తీరుదో ఈ రెండూ చెబుతాయి.

కాంక్రీటు ఎందుకు?

దూరదర్శన్ వేసిన టవర్లలో ఎక్కువ భాగం ఇనుప జాలీవే. ముంబయి వర్లీలో 300 మీటర్ల టవర్, పంజాబ్ ఫాజిల్కాలో 304 మీటర్లకు పైనున్న టవర్ ఆ రకానివే. ఖర్చు తక్కువ, ముక్కలుగా తెచ్చి బోల్టులతో బిగించవచ్చు, పని త్వరగా అయిపోతుంది. మరి కాంక్రీటు జోలికి ఎందుకు పోయారు?

సమాధానం జర్మనీలో స్టుట్‌గార్ట్ నగరంలో ఉంది. 1950లలో అక్కడి ప్రసార సంస్థ తీగలతో లాగి కట్టే మామూలు ఇనుప స్తంభమే వేద్దామనుకుంది. వంతెనల ఇంజనీరు ఫ్రిట్జ్ లియోన్‌హార్ట్ అడ్డుపడ్డారు. ఎలాగూ అంత ఎత్తు కడుతున్నాం, జనం ఎక్కి చూసేలా కాంక్రీటుతో కడదాం, పైన హోటల్ పెడదాం అన్నారు. 1956 ఫిబ్రవరి 5న టవర్ తెరిచారు. యాంటెన్నాతో కలిపి 216 మీటర్లు. ఖర్చు ఎక్కువన్నవాళ్ళు ఉన్నారు. సందర్శకుల టికెట్ డబ్బుతోనే ఐదేళ్ళలో ఆ ఖర్చు తిరిగొచ్చింది. ఆ తర్వాత ప్రపంచంలో లేచిన కాంక్రీటు టీవీ టవర్లలో చాలావాటికి అదే నమూనా. 1967లో మాస్కోలో నికొలాయ్ నికితిన్ కట్టిన ఒస్తాంకినో టవర్ 540 మీటర్లకు పోయింది. దాని కాంక్రీటు గొట్టం లోపల పై నుంచి కింది దాకా దాదాపు 150 ఉక్కు తీగలు బిగించి లాగారు. 2000 ఆగస్టులో మంటలంటుకుని ఆ తీగల్లో చాలా భాగం తెగిపోయినా టవర్ కూలలేదు.

అలాంటి టవర్‌ను నిలబెట్టే సూత్రం చెప్పడానికి కష్టమైంది కాదు. పెద్ద శత్రువు బరువు కాదు, గాలి. గాలి ఏ దిక్కు నుంచి వచ్చినా జారిపోయేలా గొట్టం గుండ్రంగా ఉండాలి. కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. స్టుట్‌గార్ట్ టవర్ అడుగున దాదాపు 11 మీటర్ల వెడల్పుంటే పైన ఐదు మీటర్లే. భూమిలో పునాది 27 మీటర్ల వెడల్పు చక్రం. బరువంతా కిందికి దిగేసరికి మొత్తం కట్టడం అడుగు బరువున్న బొమ్మలా నిలుస్తుంది. గొట్టం లోపల ఖాళీలో లిఫ్టు, మెట్లు, కేబుళ్ళు. ఇనుప జాలీలో ఇవన్నీ ఎండకూ వానకూ బయటే ఉంటాయి.

మన దేశంలో ఈ తరహాలో పేరుపడ్డవి రెండు. 1988లో ఢిల్లీ పీతంపురాలో 235 మీటర్ల టవర్ వచ్చింది. తమిళనాడులో రామేశ్వరం టవర్ 323 మీటర్లు, దేశంలో టీవీ కోసం కట్టినవాటిలో అదే ఎత్తయినది.

ఈ పని మనవాళ్ళకు చేతకానిదేమీ కాదు. విశాఖ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో పొగ గొట్టం 275 మీటర్లు, అంటే పీతంపురా టవర్ కంటే 40 మీటర్లు ఎక్కువ. కట్టే తీరు రెండింటికీ ఒకటే. మామూలు మేడకైతే సెంట్రింగ్ కట్టి, కాంక్రీటు పోసి, విప్పి, మళ్ళీ పైన కడతారు. గొట్టానికి అలా కుదరదు. గుండ్రటి సెంట్రింగ్‌ను ఒక్కసారే బిగించి, కింద కాంక్రీటు గట్టిపడుతుండగానే జాకీలతో గంటకు కొన్ని అంగుళాల చొప్పున పైకి జరుపుతూ పోతారు. రాడ్లు కట్టేవాళ్ళు ముందుంటే, కాంక్రీటు పోసేవాళ్ళు వెనక. పగలు, రాత్రి షిఫ్టులు మారతాయి గానీ పని ఆగదు. మధ్యలో ఆగితే ఆ చోట అతుకు మిగిలిపోతుంది, ఆ అతుకు దగ్గరే తర్వాత నీళ్ళు దిగుతాయి. ప్రతి కొన్ని అడుగులకూ గొట్టం నిటారుగా ఉందో లేదో చూసుకోవాలి. అడుగున వేలెడు తేడా వస్తే పైకి పోయేసరికి అది మూరెడవుతుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల కాలనీల్లో, ఫ్యాక్టరీల్లో ఒంటి గొట్టం మీద గిన్నె పెట్టినట్టు కనిపించే నీళ్ళ ట్యాంకులను ఈసారి ఆగి చూడండి. కాంక్రీటు టీవీ టవర్‌కు అవి చిన్న చెల్లెళ్ళు. గొట్టం లోపల మెట్లు, పైన బరువు, అడుగున వెడల్పయిన పునాది, అంతా అదే. పైన నీళ్ళకు బదులు యాంటెన్నా పెడితే చాలు. రెంటినీ కట్టే మేస్త్రీల చేతిపనీ ఒకటే. వాళ్ళ పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా ఉండవు.

అంటే ఈ బెల్టులో టవర్ రాకపోవడానికి కారణం కాంక్రీటు కాదు, చేతిపనీ కాదు. ఎక్కడి గొంతు ఎక్కడికి చేరాలని ప్రభుత్వం అనుకుందన్నదే అసలు కారణం. మన టవర్ రాజధానిలోనే నిలిచింది. పల్లె వినాలి, అంతే.

మాచునూర్ ఎత్తు

ఆ లెక్కను తిరగేసిన ఊరు ఇదే జిల్లాలో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో, ఝరాసంగం మండలం మాచునూర్. ఎర్రనేల, వాన మీద బతికే సేద్యం. జొన్న, సజ్జ, కొర్ర, కంది. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇక్కడి పల్లెల్లో దళిత మహిళా సంఘాలతో పనిచేసింది. బీడు భూములను సాగులోకి తెచ్చారు, పాత విత్తనాలు దాచుకున్నారు, తిండి గింజలకు ఊళ్ళోనే సొంత గాదెలు పెట్టుకున్నారు. ఈ సంఘాల ఆడవాళ్ళు అడిగిన వాటిలో ఒకటి రేడియో. బయటివాళ్ళు వచ్చి చెప్పే రేడియో కాదు, తాము మాట్లాడే రేడియో.

ఆ సొసైటీని ముందుండి నడిపిన పి.వి.సతీశ్ మైసూరు మనిషి. దూరదర్శన్‌లో ఏళ్ళ తరబడి పల్లెల కోసం కార్యక్రమాలు తీసిన నిర్మాత. 'సైట్'లోనూ పనిచేశారు. 1975లో పై నుంచి కిందికి వచ్చిన బొమ్మను తయారుచేసినవాళ్ళలో ఒకరు, తర్వాత అదే జిల్లాలో కింది నుంచి గొంతు పైకి లేవడానికి తోడ్పడ్డారు. ఈ రెండింటికీ ఇంతకంటే దగ్గరి చుట్టరికం నాకు ఇంకెక్కడా కనిపించలేదు. ఆయన 2023 మార్చిలో మరణించారు.

యునెస్కో సాయంతో 1990ల చివర్లోనే మాచునూర్‌లో స్టూడియో తయారైంది. లైసెన్సు మాత్రం లేదు. ఆకాశం ప్రభుత్వానిదని పాత చట్టం. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారాల గొడవ మీద సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న ఇచ్చిన తీర్పు దాన్ని కదిలించింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని జస్టిస్ పి.బి.సావంత్ రాశారు. మన తెలుగువాడైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి అదే ధర్మాసనంలో ఉండి, వేరుగా రాసిన తీర్పులో దాన్ని బలపరిచారు. అయినా ప్రభుత్వం తొందరపడలేదు. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే కమ్యూనిటీ రేడియో ఇచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు తలుపు తెరిచింది 2006 నవంబరులో. అంతవరకూ మాచునూర్ ఆడవాళ్ళు ఊరుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లలో పెట్టి, సంఘం సమావేశాలకు పట్టుకెళ్ళి వినిపించారు.

2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. 90.4 మెగాహెర్ట్‌జ్. ప్రపంచం తొలిసారి అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినం జరుపుకున్న రోజూ అదే. ప్రారంభించడానికి వచ్చిన మనిషి జస్టిస్ సావంత్. తాను రాసిన తీర్పు ఒక పల్లెలో మాటగా మారడం ఆయన కళ్ళారా చూశారు. స్టేషన్‌ను నడిపినవాళ్ళు ఇద్దరు నర్సమ్మలు. ఒకరిని జనరల్ నర్సమ్మ అంటారు, ఇంకొకరిని ఊరి పేరుతో ఆల్గోల్ నర్సమ్మ అంటారు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ వాళ్ళ చేతుల మీదే. విత్తనాల ముచ్చట్లు, పశువుల రోగాలకు మందులు, పండుగ పాటలు, ఊళ్ళో మాట్లాడుకునే మాటలోనే వచ్చేవి. జహీరాబాద్ యాస రేడియోలో వినబడింది.

కమ్యూనిటీ రేడియో నిబంధనల ప్రకారం యాంటెన్నా ఎత్తు నేల నుంచి 15 మీటర్లకు తగ్గకూడదు, 30 మీటర్లకు మించకూడదు. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు దాటకూడదు. పైన చెప్పిన లెక్కనే వేసి చూడండి. 30కి వర్గమూలం ఐదున్నర, నాలుగుతో గుణిస్తే 22. చేతిలో పట్టుకున్న రేడియో ఎత్తు కూడా కలుపుకుంటే పాతిక కిలోమీటర్లు. రామేశ్వరం టవర్‌లో పదో వంతు కూడా లేని స్తంభం. కానీ ఆ పాతిక కిలోమీటర్లలో ఉన్నవాళ్ళంతా ఒకరికొకరు తెలిసినవాళ్ళు, ఒకే రకం నేల దున్నేవాళ్ళు, ఒకే సంతకు పోయేవాళ్ళు. వాళ్ళకు అంతకంటే ఎత్తు అక్కర్లేదు. టవర్ ఎంత ఎత్తన్నది కాదు, దాని కింద కూర్చుని మాట్లాడేది ఎవరన్నదే ముఖ్యమని నేను నమ్ముతాను. ఆ కొలతతో చూస్తే తెలుగు నేల మీద మాచునూర్ స్తంభానికి సాటి వచ్చేది లేదు.

ఇప్పుడేం మిగిలింది

దూరదర్శన్ 2021-22లో తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దాదాపు అన్నింటినీ మూసేసింది. టీవీ మళ్ళీ ఆకాశం నుంచే వస్తోంది, ఇంటిమీది పళ్ళెంలోకి. 1975లో పల్లెకు వచ్చిన దారే ఇప్పుడు దేశమంతటి దారి అయింది. హైవే పొడుగునా ఉన్న సెల్ టవర్లది ఇంకో లెక్క. తరంగం పొట్టిదయ్యేకొద్దీ టవర్లు కురచబడి, ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి. కిలోమీటర్ల కొద్దీ చూపు సారించే పెద్ద టవర్ అవసరం ఇక రాకపోవచ్చు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల చరిత్ర రాసేవాళ్ళున్నారు. నక్కవాగు కాలుష్యం మీద కేసులు నడిచాయి, నివేదికలు వచ్చాయి. ఇక్రిశాట్ గురించి, భెల్ గురించి, కంది ఐఐటీ గురించి రాతలు దొరుకుతాయి. మెదక్ పల్లెల్లో ఆ ఒక్క ఏడాది టీవీ చూసినవాళ్ళ జ్ఞాపకాలు మాత్రం ఎవరూ పోగుచేసినట్టు కనిపించదు. ఆనాడు బడిలో ఎనిమిదేళ్ళ పిల్లలుగా ఉన్నవాళ్ళకు ఇప్పుడు అరవై దగ్గర పడింది. పెద్దల్లో చాలామంది వెళ్ళిపోయారు. హైదరాబాద్ కేంద్రంలో అప్పుడు తీసిన తెలుగు కార్యక్రమాలు ఏ కొన్ని మిగిలి ఉన్నా, దూరదర్శన్ వాటిని వెలికి తీసి జనానికి చూపించాలి. ఆ ఊళ్ళ జాబితా పట్టుకుని జిల్లా యంత్రాంగం బడిబడికీ వెళ్ళి అడగాలి. ఏదో ఒక స్టోర్‌రూములో ఈసీఐఎల్ సెట్టో, విరిగిన డిష్ చట్రమో దొరికితే సంగారెడ్డి పాత జైలు మ్యూజియంలో దానికి చోటివ్వవచ్చు.

ఇది చదువుతున్నవాళ్ళలో ఆ రోజుల్లో మెదక్ జిల్లాలో చదువుకున్నవాళ్ళుంటే, లేదా మీ అమ్మానాన్నలు ఆ పల్లెలవాళ్ళయితే, ఈ ఆదివారమే అడిగి రాసిపెట్టండి: ఏ ఊళ్ళో, ఏ బడి ముందు, ఏం చూశారు? ఊరి పేరు, బడి పేరు, గుర్తున్న కార్యక్రమం. ఆ మూడు రాసిపెడితే చాలు.